ముహూర్తాలు లేని ఎండాకాలం

కరోనా వచ్చిన ఆ ఎండాకాలంలో మా అమ్మ మళ్ళీ పరుగెత్తింది.

అమ్మ పేరు స్వరూప. వారాసిగూడ దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో పీటీ టీచరు. చిన్నప్పుడు ఖోఖో ఆడి రాష్ట్రస్థాయి దాకా వెళ్ళిన మనిషి. నలభై దాటాక కూడా పిల్లలతో సమానంగా గ్రౌండంతా ఉరికేది. అలాంటి ఆమెకు కొన్నేళ్ళుగా దమ్ము, అదే ఉబ్బసం, పట్టుకుంది. మొదట పరుగు పోయింది. తర్వాత విజిల్ పోయింది, ఊదితే దగ్గు ఆగేది కాదు. ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కుర్చీ వేసుకుని చేతులతో సైగలు చేసేది. చివరికి అదీ విసుగు పుట్టి, జూన్‌లో బడి తెరవగానే వాలంటరీ రిటైర్‌మెంట్ తీసుకుంటానని హెడ్మాస్టరుకు చెప్పేసింది.

దమ్ముకు కారణం మా ఇంట్లో అందరికీ తెలుసుననే అనుకునేవాళ్ళం. మాది తార్నాక. మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న పాత ఇల్లు. పొద్దున లేస్తే సిటీ బస్సులు, ఆటోలు, లారీలు. "గా బస్సులే నా పానం తీస్తున్నయ్" అనేది అమ్మ. డాక్టరు కూడా ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా అని అడిగాడు, లేదన్నాం. ఎవరైనా సిగరెట్లు తాగుతారా అన్నాడు, లేదన్నాం. అయితే రోడ్డే అన్నాడు. ఇల్లు మారగలిగితే మారండి అని కూడా అన్నాడు.

ఇల్లు మారే మాటే లేదు. మా బాపు వ్యాపారం ఇంట్లోనే. ఆయన పేరు కరుణాకర్. పెండ్లిళ్ళకు, ఫంక్షన్ హాళ్ళకు డీజిల్ జనరేటర్లు కిరాయికి ఇస్తాడు. ఇంటి వెనక జాగాలో రేకుల షెడ్డు, అందులో చక్రాల బండ్ల మీద ఎక్కించిన సెట్లు. సాయంత్రం ట్రాలీ వెనక కట్టుకుని వెళ్ళడం, తెల్లారి తిరిగి తేవడం, పగలంతా ఆయిలు మార్చి, ఇంజన్ నడిపి చూసి, సాయంత్రానికి మళ్ళీ సిద్ధం చేయడం. ఇంజన్ శబ్దం వింటూనే అందులో ఏ జబ్బు ఉందో చెప్పేవాడు. అమ్మకు దమ్ము మొదలైన ఏడాదే, పొగ వంటింట్లోకి రాకూడదని షెడ్డులోంచి పొడుగాటి ఇనుప పైపు వేయించి, గోడ వెంబడి పైకి ఎత్తించాడు. ఆ పైపును చూపించి వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చెప్పేవాడు.

నేను దగ్గర్లోని యూనివర్సిటీ క్యాంపస్‌లో పర్యావరణ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మా డిపార్ట్‌మెంట్ మేడ మీద ఒక మిషన్ ఉంది. అది గాలిని పీల్చి, అందులోని దుమ్మునూ మసినీ తెల్లని ఫిల్టర్ కాగితం మీద పట్టి ఉంచుతుంది. ఆ కాగితాలను తూచడం, పరీక్షించడం నా పని.

ఉగాదికి బాపు దగ్గర పనిచేసే ఎంకన్న జనగామ దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే చిక్కుకుపోయాడు. లాక్‌డౌన్ పడింది. వరసపెట్టి ఫోన్లు. ఈ లగ్గం వాయిదా, ఆ లగ్గం క్యాన్సిల్. బాపు షెడ్డుకు తాళం వేసి వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. అంత మౌనంగా మా ఇల్లు ఎన్నడూ లేదు.

అప్పుడే మా గైడ్ అచ్యుతరామయ్య గారు ఫోన్ చేశారు.

"జ్యోతిర్మయీ, మన మిషన్ సంగతేమిటమ్మా?"

"నడుస్తనే ఉండొచ్చు సార్. పేపర్ మార్చేటోళ్ళు లేరు."

"ఆపకూడదు. హైదరాబాద్‌లో బండ్లన్నీ ఆగిపోతే గాలి ఎలా ఉంటుందో చూడాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాం. మన కోసం ఎవరు ఆపుతారు చెప్పు? ఇప్పుడు ఆగాయి. ఇలాంటి గాలి మళ్ళీ దొరకదు. నేను మాట్లాడి పర్మిషన్ లెటర్ ఇప్పిస్తాను. నువ్వు వెళ్ళగలవా?"

వెళ్తానన్నాను. బాపు ఒప్పుకోలేదు.

"కుక్క గూడ తిరుగుతలేదు రోడ్ల మీద. ఒక్కదానివి ఎట్ల పోతవ్?"

"నేను పోత దానెంట" అంది అమ్మ.

"నువ్వా? దమ్ము పెట్టుకొని?"

"చౌరస్త దాటితే క్యాంపసే గద బావా. మెల్లగ నడుస్త. ఇంట్ల కూసుంటే గూడ దమ్మొస్తది."

అమ్మ బాపుకు మేనమామ కూతురు. పెండ్లయి పాతికేళ్ళు దాటినా 'బావా' అనే పిలుస్తుంది. ఆ పిలుపుకు బాపు ఎదురు చెప్పడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

తార్నాక చౌరస్తాలో బారికేడ్లు పెట్టి ఉన్నాయి. కానిస్టేబుల్ ఒకతను మమ్మల్ని ఆపాడు.

"ఏడికి మేడమ్?"

"గాలి చూడనీకె" అంది అమ్మ.

"ఏందీ?"

"గాలి. మా బిడ్డ గాలి మీద పీహెచ్‌డీ చేస్తున్నది."

నేను లెటర్ చూపించాను. అతను దాన్ని రెండుసార్లు చదివి, మా ఇద్దరినీ పైనుంచి కిందికి చూశాడు.

"ఇంట్ల గాలి లేదా మేడమ్?"

"ఉన్నది. మాకే సాల్త లేదు."

అతని మాస్కు కింద నవ్వు కదలడం కనిపించింది. బారికేడ్ పక్కకు జరిపాడు. ఆ తర్వాత మేము కనిపిస్తే చాలు, "పొండ్రి పొండ్రి, గాలి మేడమ్‌లు" అనేవాడు.

ఆ మొదటి రోజు అమ్మ దారిలో రెండు మూడుచోట్ల ఆగింది. డిపార్ట్‌మెంట్ మేడ ఎక్కడానికి చాలాసేపు పట్టింది. పైకి వచ్చాక పిట్టగోడ పట్టుకుని నిలబడి చూస్తూ ఉండిపోయింది. మౌలాలి గుట్ట అంత దగ్గరగా, అంత స్పష్టంగా ఉంటుందని ఇద్దరికీ తెలియదు. మధ్యలో ఎప్పుడూ ఉండే బూడిదరంగు తెర లేదు.

నేను పట్టుకారుతో మిషన్‌లోంచి, లాక్‌డౌన్ పడ్డ రోజు ఆఖరిసారి పెట్టిన కాగితం తీశాను. లోపలి అలమరాలోంచి, మార్చి నెల మొదట్లో తీసిన కాగితం ఒకటి తెచ్చి పక్కన పెట్టాను. పాతది పొయ్యి మీది గిన్నె అడుగులా ఉంది. కొత్తదాని మీద లేత గోధుమరంగు పొర, అంతే.

అమ్మ ముట్టుకోబోయి ఆగింది. "గీ మసంత నా లోపలికి పోయిందా?"

"నీ లోపలికే కాదు, అందరి లోపలికి."

"అందరు ఊపిరి తీసుకుంటనే ఉన్నరు గద. నాకే ఎందుకు గిట్లయింది?"

ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో తీరు అని ఏదో చెప్పాను.

రోజూ వెళ్ళడం అలవాటైంది. నేను మేడ మీద పని చేసుకుంటుంటే అమ్మ కింద చెట్ల మధ్య రోడ్డు మీద నడిచేది. దమ్ముకు పీల్చే మందు పంపు సంచిలో ఉండేది కానీ బయటికి తీయడం తగ్గిపోయింది. ఏప్రిల్ చివర ఒకనాడు నేను కిందికి వచ్చేసరికి ఆమె కనబడలేదు. గాబరాగా చుట్టూ చూశాను. దూరంగా రోడ్డు మలుపులోంచి వస్తోంది. చున్నీ నడుముకు కట్టుకుని, బడికి వేసుకునే కాన్వాసు బూట్లతో ఉరుకుతూ వస్తోంది. దారిలో నిలబడ్డ నెమలి ఒకటి ఆమెను చూసి పక్కకు తప్పుకుంది.

నా ముందుకు వచ్చి ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒగర్చింది. నేను సంచిలోంచి పంపు తీశాను.

"అది లోపల పెట్టు. ఇది దమ్ము కాదే" అంది, ఊపిరి తీసుకుంటూనే నవ్వుతూ. "ఇది అలుపు. రెండిటికి ఫరక్ ఉన్నది."

మా లెక్కలు కూడా అదే చెబుతున్నాయి. మా మిషన్ దగ్గర సన్నని ధూళి సగానికి దగ్గరగా పడిపోయింది. బండ్ల పొగలోంచి వచ్చే నైట్రోజన్ వాయువులు అంతకన్నా ఎక్కువ తగ్గాయి. ఓజోన్ ఒక్కటి పెరిగింది. దాన్ని తినేసే బండ్ల పొగ లేకపోవడంతో అది మిగిలిపోయింది. ఏదీ మనం అనుకున్నంత సూటిగా ఉండదని సార్ ఫోన్‌లో హెచ్చరిస్తూనే ఉండేవారు. అయినా ఆయన గొంతులో ఉత్సాహం దాగేది కాదు. క్యాంపస్ చెట్ల మధ్య గాలికీ, తార్నాక రోడ్డు పక్కన గాలికీ తేడా చూద్దామని, డిపార్ట్‌మెంట్‌లో ఉన్న చేతిలో పట్టేంత మీటర్ ఒకటి మా ఇంట్లో పెట్టమన్నారు. దాని రీడింగులు నెట్ ద్వారా ఆయన లాప్‌టాప్‌కు వెళ్తాయి. రోడ్డువైపు ఎండ ఎక్కువని పై అంతస్తులో వెనక వరండాలో, అమ్మావాళ్ళు పడుకునే గది కిటికీ పక్కన నీడలో పెట్టాను. అది కూడా రోజూ తక్కువ అంకెలే చూపించేది.

ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర నేను ఆ అంకెలే చెబుతున్నాను. గాలి ఎంత బాగుపడిందో, బయటి దేశాల్లో కూడా ఇలాగే ఉందట, ఇంకా ఏవేవో. బాపు చాలాసేపు విన్నాడు.

"మంచిదే బిడ్డా. అమ్మ ఉరుకుతున్నది, నాకు గూడ సంబురమే. కని నువ్వు జెప్పేదేంది? ఊరంత పని బంద్ వెట్టి కూసుంటేనే గాలి బాగుపడ్తదంటవ్. మరి మేమేం తినాలె? గాలా?"

ఆయన కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నాకు బాగా తగిలింది. ఎంకన్న ఊళ్ళో చేతిలో పని లేక కూర్చున్నాడు. బాపు పొద్దున్నే లేచి, అలవాటు కొద్దీ షెడ్డు దాకా వెళ్ళి, తాళం చూసి తిరిగి వచ్చేవాడు. ఆ ఎండాకాలం నా మిషన్‌కు పండగ, ఆయన మిషన్లకు సెలవు. రెండూ ఒకే కారణం వల్ల.

జూన్ వచ్చింది. కొద్దిమందితో పెండ్లిళ్ళు చేసుకోవచ్చన్నారు. ఆషాఢం ముంచుకొస్తోంది, ఆ లోపల మిగిలిన ముహూర్తాలు కొన్నే. బాపు ఫోన్ మళ్ళీ మోగడం మొదలైంది. ఎంకన్న కూరగాయల వ్యాను పట్టుకుని వచ్చేశాడు. వచ్చీరాగానే, "అన్నా, బ్యాటరీలన్ని సచ్చినయ్, ముందు గవ్వి చూడాలె" అని షెడ్డులోకి దూరాడు. బాపు ముఖంలో వెలుగు చూసి అమ్మ ఆ పూట పాయసం చేసింది.

మరునాడు పొద్దున సెట్లన్నీ వరసగా స్టార్ట్ చేశారు. ఇన్నాళ్ళు నిలిచిపోయిన ఇంజన్లు. మొదట నల్లగా కక్కి, తర్వాత గాడిన పడ్డాయి. ఒక్కో ఇంజన్ అందుకుంటుంటే ఎంకన్న ఈల వేయడం నాకు వంటింట్లోకి వినిపిస్తోంది. పండగలా ఉంది.

అమ్మ పై గదిలో దుప్పట్లు మడత పెడుతోంది. కాసేపటికి దగ్గు వినిపించింది. ఆ దగ్గును నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. పైకి పరుగెత్తాను. మంచం అంచు పట్టుకుని కూర్చుని ఉంది. మెడ నరాలు తేలాయి. పంపు కొట్టుకుంది, మళ్ళీ కొట్టుకుంది. లోపలికి పోవడం లేదు. ఏదో చెప్పబోయి, మాట రాక చేత్తో బయటికి చూపించింది. ఆసుపత్రికా అన్నాను. కాదన్నట్టు తల ఊపి, మళ్ళీ అదే వైపు చూపించింది. క్యాంపస్ వైపు.

స్కూటర్ మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాను. రోజూ నడిచే చెట్ల కిందే అరుగు మీద కూర్చోబెట్టాను. వీపు రాస్తూ, అవసరమైతే ఎటు తీసుకెళ్ళాలో ఆలోచిస్తూ నిలబడ్డాను. మెల్లగా భుజాలు దిగాయి. ఊపిరి లోపలికి, బయటికి, ఒక తీరుకు వచ్చింది. నీళ్ళు తాగింది. చాలాసేపు రోడ్డు వైపే చూసింది.

"జ్యోతీ, వచ్చేటప్పుడు చూసినవా? ఒక్క బస్సు గూడ లేదు."

నిజమే. సిటీ బస్సులు ఇంకా డిపోల్లోంచి బయటికి రాలేదు.

"మరి నాకు ఎందుకొచ్చింది?" అంది.

మేడ మీద నన్ను అడిగిన ప్రశ్న లాంటిదే. ఈసారి నాకు జవాబు తెలుసు. ఆమెకు కూడా తెలుసని ఆమె ముఖం చెబుతోంది.

ఇంటికి వచ్చేసరికి సార్ ఫోన్.

"అమ్మా, మీ ఇంటి మీటర్ పాడైనట్టుంది. పొద్దున్నంతా పిచ్చి పట్టినట్టు పైకి పోయింది. ఎండ పడిందా? పోనీలే, ఆ రీడింగులు తీసేద్దాం."

"తీసెయ్యొద్దు సార్. అది కరెక్టే."

"అంత పొగ ఎక్కడిది? రోడ్డు మీద ఏమన్నా తగలబెట్టారా?"

"రోడ్డు మీద కాదు సార్. మా ఇంట్లదే."

మా బాపు ఏం చేస్తాడో ఆయనకు తెలుసు. "అమ్మగారు ఎలా ఉన్నారు?" అని మాత్రం అడిగారు.

ఆ సాయంత్రం బాపు స్నానం చేసి వచ్చి కూర్చున్నాక చెప్పాను. చుట్టూ తిప్పలేదు. పొద్దున అమ్మకు దమ్ము వచ్చింది సెట్ల పొగ వల్ల అన్నాను. ఇప్పుడే కాదు, ఎప్పటినుంచో అదే అయి ఉంటుందన్నాను.

బాపు ముఖం గట్టిపడింది. "నీకు మతి ఉన్నదా? నా సెట్ల మీదనే నువ్వు చదివినవ్. ఇయ్యాల వాటి మీదికే వస్తున్నవా?"

"చదివిన కాబట్టే చెప్తున్న బాపూ."

"ఊరంత బస్సులు, లారీలు, ఫ్యాక్టరీలు. అవన్ని ఇడిసిపెట్టి నా అయిదారు సెట్లు దొరికినయా నీకు? పొగ ఇంట్లకు రావద్దని పైపు ఏయించిన. ఎవల కోసం ఏయించిన? మీ అమ్మ కోసం గాదా? సీదా పైకి పోతది పొగ."

"పైకే పోతది. పైన అమ్మ పండుకునే అర్ర ఉన్నది."

బాపు గొంతు పెంచాడు. రోడ్డు పొగ అన్నాడు, డాక్టరు చెప్పిందీ అదే అన్నాడు, మీటర్లు చైనావి అన్నాడు. నేను కూడా గొంతు పెంచాను. అమ్మ మా ఇద్దరి మధ్యా కంచాలు పెట్టింది, అన్నం వడ్డించింది. తనూ కూర్చుంది. అప్పుడు, ఏదో ఇప్పుడే తోచినట్టుగా అంది.

"బావా, ఆషాఢంల నాకు ఎన్నడు దమ్ము రాదు. యాదున్నదా?"

"వానలు పడ్తయ్ గద. దుమ్ము అణుగుతది."

"మనం గట్లనే అనుకున్నం. మూఢంల గూడ రాదు. నాలుగేండ్ల కింద ఎండల మూఢం వచ్చింది. అప్పుడు వానలు లెవ్వు. ఆ దినాలల్ల నేను పిల్లల్ని తీస్కొని పోటీలకు పోయిన."

బాపు ఆమెనే చూస్తున్నాడు.

"ఆషాఢంల లగ్గాలుండయ్. మూఢంల లగ్గాలుండయ్" అంది అమ్మ. "పప్పు ఏస్కో."

బాపు పప్పు వేసుకున్నాడు. కలిపాడు.

పొద్దున్నే ఆయన నన్ను పిలిచాడు. "అమ్మను క్యాంపస్‌కు పంపు. మనం ట్రయల్ ఏద్దాం."

బాపు ఏ ఇంజన్ గురించీ ఎవరి మాటా నమ్మడు. స్టార్ట్ చేసి, దగ్గర నిలబడి, తనే తేల్చుకుంటాడు. ఇప్పుడూ అదే పద్ధతి. అమ్మ బూట్లు కట్టుకుని వెళ్ళిపోయింది. బాపు పై గదిలోకి వెళ్ళి, అమ్మ ఎప్పుడూ ఉంచినట్టే కిటికీ సగం తెరిచి ఉంచాడు. మీటర్ తన చేతిలో పట్టుకున్నాడు. మంచం మీద అమ్మ పడుకునే వైపు కూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఎంకన్నా, ఒక్కటే. చిన్నది" అని కిటికీలోంచి అరిచాడు.

కింద ఇంజన్ అందుకుంది. మంచి కండిషన్‌లో ఉన్న సెట్టు, శబ్దంలో ఎక్కడా తేడా లేదు. కాసేపు ఏమీ కాలేదు. బాపు నా వైపు చూశాడు. ఆ తర్వాత అంకె కదిలింది. కదిలి, ఎక్కడం మొదలుపెట్టింది. పైపు మూతి కిటికీకి ఎంత దగ్గరగా ఉందో ఆ మంచం మీద కూర్చుంటేనే తెలుస్తుంది. పొగ కంటికి పెద్దగా కనబడటం లేదు. గాలి అటు నుంచి వీచినప్పుడల్లా వాసన మాత్రం తగులుతోంది.

బాపు మీటర్ కేసి చూడటం మానేశాడు. గది చూస్తున్నాడు. కిటికీ పక్క గోడ మీద, తుడిచినకొద్దీ వచ్చే నల్లటి చార. అమ్మ ప్రతి దీపావళికి ముందు దానికి సున్నం వేయిస్తుంది. ఆయన వేలితో ఆ చారను గీకి, వేలు చూసుకున్నాడు.

"అన్నా, రెండోది గూడ ఎయ్యాల్నా?" కింద నుంచి ఎంకన్న.

బాపు కిటికీలోంచి కిందికి వంగి చూశాడు. ఎంకన్న మళ్ళీ అడిగాడు.

"వద్దు" అన్నాడు బాపు. "బంద్ చెయ్."

కిందికి దిగి, పానా తీసుకుని, గోడకు నిచ్చెన వేసి, ఆ పైపును తనే విప్పాడు. ఎంకన్న సాయం వస్తానన్నా రానివ్వలేదు. విప్పిన పైపును కింద పడేసి, చేతులు తుడుచుకుంటూ నాతో అన్నాడు.

"ఈ వారం లగ్గాలకు మాటిచ్చిన. మాట తప్పను. సెట్లు పోతయ్, పని జేస్తయ్. కని తిరిగి గీడికి రావు."

"మరి ఏడికి?"

"చూస్త."

ఆయన అప్పటికే ఫోన్ తీశాడు. మల్లాపూర్‌లో ఒక పాత దోస్తు గోదాము ఉంది, లాక్‌డౌన్‌లో మూతపడి ఖాళీగా ఉంది. రెండు రోజుల్లో మాట కుదిరింది. సంతకం పెట్టే ముందు బాపు నన్ను మీటర్‌తో సహా అక్కడికి తీసుకెళ్ళాడు. అది నేను అడగలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ కుటుంబం ఉండే గది ఉంది. బాపు ఎంకన్నతో ఒక సెట్టు తెప్పించి, ఒక మూలన పెట్టి నడిపించి, నన్ను ఆ గది కిటికీ దగ్గర నిలబెట్టాడు. అంకె ఎక్కింది. సెట్టును ఇంకా వెనక్కి, గాలి అవతలివైపు పోయే చివరికి జరిపించాడు. మళ్ళీ చూశాం. మళ్ళీ జరిపించాడు. ఎండలో చెమటలు కారుతున్నాయి.

"ఇంగ చాలు అన్నా, మంచిగనే ఉన్నది గద" అన్నాడు ఎంకన్న.

"వాళ్ళు గూడ మనుషులే గద ఎంకన్నా. బిడ్డా, ఎంతున్నది ఇప్పుడు?"

అంకె కదలని చోటు దొరికాకే ఆయన అక్కడ సున్నంతో గీత గీయించాడు. నేను చాలామంది శాస్త్రవేత్తల పద్ధతులు చదివాను. ఆ మధ్యాహ్నం గోదాములో చూసినదాన్ని కూడా నా థీసిస్‌లో ఒక పేరాగా రాశాను. సార్ దాన్ని తీసేయమనలేదు. "ఇది చివర్లో కాదమ్మా, ముందుకు తీసుకురా" అన్నారు.

ఇంట్లో కొన్ని అలవాట్లు మారాయి. మధ్యాహ్నం వేడివేడిగా ఇంట్లోనే తినే బాపు ఇప్పుడు టిఫిన్ క్యారియర్‌తో వెళ్ళేవాడు. వచ్చాక బట్టలు బయటే విప్పి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేవాడు. మొదట్లో ఇల్లు ఆయనకు కొత్తగా ఉండేది, ఇంజన్ శబ్దం లేక నిద్ర పట్టడం లేదనేవాడు. ఒకసారి చిరాకుపడి, "నీ చదువు నన్ను ఇంట్లకెల్లి ఎల్లగొట్టింది" అని కూడా అన్నాడు. అమ్మ పక్కనుంచి, "ఎల్లగొట్టినా అన్నం మాత్రం నేనే కట్టిస్తున్న గద" అంది. ఆయన నవ్వక తప్పలేదు.

అన్నీ కుదిరిపోయాయని చెప్పను. ఆ శరదృతువుకు బస్సులు తిరిగి వచ్చాయి, వాటి వెనక అందరూ వచ్చారు. మేడ మీద ఫిల్టర్ కాగితాలు నెమ్మదిగా పాత రంగుకు చేరాయి. మౌలాలి గుట్ట మళ్ళీ తెర వెనక్కి వెళ్ళింది. రోడ్డు పొగకు అమ్మకు ఇప్పటికీ అప్పుడప్పుడు దగ్గు వస్తుంది, పంపు సంచిలోనే ఉంటుంది. ఊరి గాలిని మా ఇల్లు మార్చలేకపోయింది. కానీ మా అమ్మ పడుకునే గది గాలిని మార్చుకుంది. ఏ పొగ ఊరిదో, ఏ పొగ మనదో విడదీసి చూడటం ఆ ఎండాకాలం మాకు నేర్పింది. ఊరంతా ఆగకపోతే అది మాకు ఎన్నటికీ తెలిసేది కాదు.

ఆ జూన్‌లోనే, ఆషాఢం మొదలైన రెండు మూడు రోజులకు ఆఖరి సెట్టు తరలించారు. రాత్రి వాన పడి వెలిసింది. ఎంకన్న సెట్టును ట్రాలీకి కట్టి, గొలుసు బిగించి, ఖాళీ షెడ్డులో నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశాడు.

అమ్మ అప్పుడే ఫోన్ మాట్లాడి వంటింట్లోంచి బయటికి వచ్చింది. "హెడ్మాస్టర్‌తోటి మాట్లాడిన" అంది బాపుతో. "బడి ఎప్పుడు తెరిస్తే అప్పుడు నేనే వస్త, నా జాగల ఎవర్ని అడగకుర్రి అని చెప్పిన."

"ఏమన్నడు?"

"ఏమంటడు? చెట్టు కింది కుర్చీ తీపిస్త అన్నడు."

బాపు గట్టిగా నవ్వాడు. చాలా రోజుల తర్వాత విన్నాం ఆ నవ్వు.

ఎంకన్న అడిగాడు. "వదినా, గీ జాగల ఏం పెడ్తరు మరి? రెండర్రలు ఏస్తే కిరాయికొస్తయ్. స్టూడెంట్లు మస్తు మంది తిరుగుతుంటరు ఈడ."

"ఏం పెట్టం" అంది అమ్మ.

"ఊకెనే ఉంచుతరా? తార్నాకలనా?"

"ఊకెనే."

ఎంకన్న బాపు వైపు చూశాడు, ఆయనైనా కాదంటాడేమోనని. బాపు తల ఎత్తి పైకప్పు చూస్తున్నాడు. ఆ రేకులు ఆయన పెండ్లయిన కొత్తలో తన చేతులతో వేసినవి.

"ట్రాలీ తర్వాత పోతది. ముందు నిచ్చెన పట్కరా ఎంకన్నా" అన్నాడు. "రేకులు గూడ ఇప్పుదాం."

ఇద్దరూ పైకెక్కి బోల్టులు విప్పడం మొదలుపెట్టారు. తుప్పు పట్టిన బోల్టులు ఒక పట్టాన రాలేదు. మొదటి రేకు దిగేసరికి, ఏళ్ళ తరబడి ఆయిలు తాగి నల్లబడిన ఆ నేల మీద ఒక పలక మేరకు ఎండ పడింది. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, వెళ్ళి ఆ ఎండలో నిలబడింది.

"ఇంకోటి దించు బావా" అంది.